ఫ్లెక్సీలో లేని అతిథి

స్కూలు గేటు మీద ఫ్లెక్సీ చూడగానే ఆటో ఆపించేశాను. "విదేశీ ఆంగ్ల విద్యావేత్త గారికి ఘన స్వాగతం" అని ఎర్రటి అక్షరాలు. ఒక పక్క మా కరస్పాండెంట్ గారు చేతులు జోడించి నవ్వుతున్నారు. ఇంకో పక్క ఎవరో తెల్లావిడ, బంగారు రంగు జుట్టు, నీలం కళ్లు, చేతులు కట్టుకుని ఠీవిగా నిలబడి ఉంది. ఆవిడెవరో నాకు తెలియదు. ఆటోలో నా పక్కన కూర్చున్న అసలు అతిథికీ తెలియదు.

"ఎవరీవిడ? ఈవిడ కూడా వస్తోందా?" అని అడిగింది అక్క, ఆటోలోంచి తల బయటికి పెట్టి చూస్తూ.

అక్క అంటే నా తోడబుట్టింది కాదు. నేను థాయ్‌లాండ్‌లో ఒక చిన్న ఊరి స్కూల్లో నాలుగేళ్లు ఇంగ్లీషు టీచరుగా పనిచేశాను. అక్కడ నా పక్క క్లాసు టీచరు ఈవిడ. ఆవిడా ఇంగ్లీషే చెప్పేది. ఆ ఊళ్లో పుట్టి, ఆ స్కూల్లోనే చదువుకుని, అక్కడే తలనెరిసేదాకా పాఠాలు చెప్పిన మనిషి. తమకంటే పెద్దవాళ్లని వట్టి పేరు పెట్టి పిలవడం వాళ్లలోనూ మర్యాద కాదు. నేను మన అలవాటు కొద్దీ "అక్కా" అన్నాను, ఆవిడ పలికింది, అంతే, అదే స్థిరపడిపోయింది. కొత్తలో నాకు అద్దె గది వెతికిపెట్టిందీ, జ్వరమొస్తే గంజి కాచి తెచ్చిందీ, అల్లరి క్లాసుని ఎలా దారిలో పెట్టాలో చెప్పిందీ ఆవిడే. నేను విజయవాడ తిరిగొచ్చేశాక కూడా ఫోన్లో పాఠాల గురించి పోట్లాడుకునేవాళ్లం.

రిటైరయ్యాక మొదటిసారి ఇండియా చూడటానికి వచ్చింది. మా ఇంట్లోనే దిగింది. ముందురోజు మధ్యాహ్నం మా అమ్మ చేపల పులుసు వడ్డించి, పాపం ముల్లు తీసుకోవడం రాదేమోనని తీసి పెట్టబోతే, "నేను ఏటి ఒడ్డున పెరిగినదాన్నని మీ అమ్మకి చెప్పు" అని నవ్వింది. మా అమ్మకి ఆ మాటతో ఆవిడ తెగ నచ్చేసింది.

నేను అప్పటికి కంకిపాడు దగ్గర ఒక ఇంగ్లీషు మీడియం స్కూల్లో చేరి ఇంకా ఏడాది కాలేదు. ఉద్యోగం పర్మనెంటు కాలేదు. నా పిల్లలకి అక్కని చూపించాలని నాకు ఎంత సరదాగా ఉండేదో చెప్పలేను. ఇంగ్లీషు తన భాష కాకపోయినా నేర్చుకుని, జీవితమంతా నేర్పించిన మనిషిని వాళ్లు చూడాలి. "మా ఫ్రెండు, థాయ్‌లాండ్ టీచరు, తీసుకురానా అండీ?" అని కరస్పాండెంట్ గారిని అడిగాను. "ఫారిన్ గెస్టా అండీ! అంతకంటేనా!" అన్నారాయన. ఫారిన్ అనే మాట దగ్గరే ఆయన చెవులు మూసుకుపోయినట్టున్నాయి, థాయ్‌లాండ్ లోపలికి వెళ్లలేదు. ఫొటో అడిగారు, సాయంత్రం పంపిస్తానన్నాను. ఆయన సాయంత్రం దాకా ఆగితే కదా. మనవాళ్లకి ఫ్లెక్సీ కట్టనిదే సభ సభే కాదు. బందరు రోడ్డులోని షాపుకి ఫోన్ చేసి, "ఒక ఫారిన్ మేడం బొమ్మ వేసేయండి" అన్నారట. షాపువాడు కంప్యూటర్లో దొరికిన మేడంని వేసేశాడు. ఇదంతా నాకు ఆ పొద్దున గేటు దగ్గర నిలబడ్డాకే తెలిసింది.

కరస్పాండెంట్ గారు ఎదురొచ్చారు. మమ్మల్ని దాటి ఆటో వెనక రోడ్డు వైపు చూశారు.

"గెస్ట్ గారు కార్లో వస్తున్నారాండీ?"

"ఈవిడేనండీ" అన్నాను.

అక్క రెండు చేతులూ జోడించి, తల వంచి నమస్కరించింది. ఆయన ప్రతి నమస్కారం చేయడం మరిచిపోయారు. గొంతు తగ్గించి, "నేపాలీవాళ్లలాగున్నారేంటండీ?" అన్నారు. అక్కకి తెలుగు రాకపోవడం ఎంత అదృష్టమో అనుకున్నాను. కానీ ఆ చూపుకి భాష ఎందుకు? ఆవిడ చేతులు మెల్లగా కిందికి దించేసింది.

ఆఫీసు గదిలో మమ్మల్ని కూర్చోబెట్టి ఆయన అటూ ఇటూ తిరిగారు. చెడ్డ మనిషి కాదు, అది కూడా చెప్పాలి. పిల్లల మీద ఏనాడూ చెయ్యెత్తనివ్వలేదు. కానీ చుట్టుపక్కల కొత్త స్కూళ్లు లేస్తున్నాయి, అడ్మిషన్లు తగ్గుతాయని భయం. ఆ భయంలో ఆయన అన్న మాటలు ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి.

"పేరెంట్స్ అందరూ వచ్చి కూర్చున్నారండీ. ఫ్లెక్సీ చూసి వచ్చారు వాళ్లు. ఇప్పుడు థాయ్‌లాండ్ అంటే ఏం బాగుంటదండీ? లండన్లో కూడా ఇలాంటి మొహాలు ఉంటాయి కదా. లండన్ నుంచి వచ్చారని చెప్పేద్దామండీ. ఎవరికి నష్టం?"

"మరి ఆ ఫ్లెక్సీలో ఆవిడ?"

"ఆవిడకి ఒంట్లో బాలేదు, ఈవిడ్ని పంపారని చెబుదాం. మీ పర్మనెంటు సంగతి కూడా ఈ నెలలోనే చూడాలనుకుంటున్నానండీ. మీరే కాస్త ఆలోచించండి."

ఆలోచించడానికి ఏముంది? ఒళ్లు మండిపోయింది. ఆయన అటు వెళ్లగానే అక్కకి మొత్తం ఇంగ్లీషులో చెప్పేశాను. ఆవిడ కోప్పడుతుంది, లేచి వెళ్లిపోదాం పద అంటుంది, నేనూ లేచి వచ్చేస్తాను అనుకున్నాను. ఆవిడ తాపీగా మంచినీళ్లు తాగి, గ్లాసు పక్కన పెట్టింది.

"దీనికింత కంగారెందుకు? చెప్పేద్దాం. నీ గురించి నేను చెప్పలేదూ?"

"నా గురించా? ఏం చెప్పావు?"

"నువ్వు లండన్లో పుట్టి పెరిగావని."

నేను ఆవిడ మొహంలోకి చూశాను. ఆటపట్టిస్తోందేమో అనుకున్నాను. కాదు. నేను అక్కడ చేరిన కొత్తలో పిల్లల తల్లిదండ్రులు వచ్చి గొడవ చేశారట. మాకు తెల్ల టీచరు కావాలి, ఇండియా ఆవిడ వద్దు అన్నారట. స్కూలు వాళ్లు నన్ను వెనక్కి పంపేయడానికి సిద్ధమయ్యారట. అప్పుడు అక్క వాళ్లందర్నీ కూర్చోబెట్టి, రంగు చూసి మోసపోకండి, ఈ అమ్మాయి లండన్ పిల్ల అని చెప్పిందట. నాకు మాత్రం ఎవరూ చెప్పకుండా చూసుకుందట.

నాకు మతి పోయింది. ఆ నాలుగేళ్లలో ఎంతమంది తల్లులు నన్ను "లండన్లో చలి ఎక్కువా?" అని అడిగారో! ఇంగ్లీషు టీచర్ని కనక లండన్ గురించి అడుగుతున్నారు కాబోలనుకుని, చాలా ఎక్కువండీ అని నవ్వేదాన్ని. నాకేం తెలుసు లండన్ చలి? వాళ్లు నా మీద చూపించిన ప్రేమ, పండక్కి ఇచ్చిన పళ్ల బుట్టలు, నేను బయల్దేరే రోజున బస్సు దగ్గర పెట్టిన కన్నీళ్లు, అవన్నీ నావే అనుకున్నాను. ఎన్నేళ్లుగానో మనసులో పెట్టుకుని చూసుకుంటున్న ఆ ఊరు ఒక్కసారిగా నాది కాకుండా పోయింది. అక్క మీద కోపం తెచ్చుకుందామంటే, నా అన్నం నిలబెట్టిన మనిషి ఆవిడే. ఏడవడానికి కూడా వ్యవధి లేదు. అవతల మైకు కుయ్యిమంది, మమ్మల్ని పిలుస్తున్నారు.

షామియానా కింద ముందు వరసల్లో పిల్లలు నేల మీద కూర్చున్నారు. వెనక కుర్చీల్లో వాళ్ల అమ్మానాన్నలు. పొలం పనులు ఆపుకుని వచ్చినవాళ్లు కొందరు, ఆటోనగర్ షెడ్లకి సెలవు పెట్టి వచ్చినవాళ్లు కొందరు. ఎక్కువమందికి ఇంగ్లీషు రాదు. అక్క ఇంగ్లీషులో మాట్లాడుతుంది, నేను పక్కన నిలబడి ఒక్కో మాటా తెలుగులో చెబుతాను, అదీ ఏర్పాటు. లండన్ సంగతి అక్క ఒప్పుకుందో లేదో కరస్పాండెంట్ గారికి నేను చెప్పలేదు. ఆయన నా వైపు బతిమాలుతున్నట్టు చూస్తున్నారు.

అక్క మైకు పట్టుకుంది. పిల్లలకి గుడ్ మార్నింగ్ చెప్పింది. తర్వాత, ఇసుమంత తడబాటు లేకుండా, ఒక్కో మాటా విడదీసి, క్లాసులో చెప్పినట్టే చెప్పింది. "నేను లండన్ నుంచి వచ్చాను. మీ టీచరు నాకు చెల్లెలు లాంటిది. ఇంత మంచి టీచరు మీకు మళ్లీ దొరకదు."

మైకు నా చేతికిచ్చింది. కరస్పాండెంట్ గారు ఊపిరి పీల్చుకుని కుర్చీలో వెనక్కి వాలారు. నేను చెప్పాల్సింది మూడు ముక్కలు. నోరు తెరిచాను.

"ఈవిడది థాయ్‌లాండ్ అండీ. అక్కడే పుట్టి, మన పిల్లల్లాగే స్కూల్లో ఇంగ్లీషు నేర్చుకున్నారు. నాకు టీచరుగా పని నేర్పింది ఈవిడే."

చప్పట్లు మొదలవబోతున్నాయి. ఇంతలో ముందు వరసలో నా ఐదో క్లాసు పిల్ల ఒకతి లేచి నిలబడింది.

"మేడం, ఆవిడ లండన్ అన్నారండీ."

"అవునండీ, లండనే అన్నారండీ" అని పక్కవాళ్లు అందుకున్నారు.

చేరిన దగ్గర్నుంచీ, ఇంగ్లీషు చెవిన పడితే అర్థం కావాలని చంపుకుతిన్నది నేనే. అర్థమైంది, నా పరువు తీయడానికే అర్థమైంది. అయినా సరే, ఆ పిల్లని ఎత్తుకుని ముద్దుపెట్టుకోవాలనిపించింది.

"సరిగ్గా విన్నావమ్మా. ఆవిడ లండనే అన్నారు. కానీ నేను చెప్పిందే నిజం" అన్నాను.

సభలో గుసగుసలు మొదలయ్యాయి. నా తెలుగులో అక్కకి ఒక్క థాయ్‌లాండ్ మాత్రం అర్థమైంది. చటుక్కున నా మణికట్టు పట్టుకుంది. మైకు మా ఇద్దరి మధ్యా ఉందన్న ధ్యాస ఆవిడకి లేదు. ఆవిడ ఇంగ్లీషులో అన్న మాట షామియానా చివరిదాకా వినబడింది.

నిలబడి ఉన్న పిల్ల వెనక్కి తిరిగి, ఎవరూ అడగకుండానే, వాళ్ల అమ్మ కోసం గట్టిగా తెలుగులో చెప్పింది. "నిజం చెబితే మన మేడం ఉద్యోగం పోద్ది కదా అంటున్నారమ్మా ఆవిడ."

కుర్చీల్లోంచి వాళ్లమ్మ లేచింది. ఆవిడ నా వైపు చూడలేదు, కరస్పాండెంట్ గారి వైపు తిరిగింది.

"ఎందుకు పోద్దండీ?" అని అడిగింది.