నంగవ్వ అనే మాట

మా అవ్వ పోయిందని కోవిల్‌పట్టి నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను విరుదునగర్‌లో పప్పు మిల్లు ఆఫీసులో ఉన్నాను. ఉన్నపళంగా బస్సెక్కాను.

ఆమెకూ నాకూ రక్తసంబంధం లేదు. మగపిల్లాడిగా పుట్టి ఆడపిల్లగా బతుకుతానన్నందుకు మా ఇంట్లోవాళ్లు నన్ను గెంటేస్తే, తనూ అలాగే మారి బతికిన ఆమె చేరదీసింది. చీర కట్టడం నేర్పింది, కాలేజీకి పంపింది. కూరలో ఉప్పు చాలలేదని రోజూ సణిగేది. వేస్తే ఎక్కువైందనేది.

తమిళంలో మమ్మల్ని తిరునంగైలంటారు. ఒకసారి మదురైలో మావాళ్ల సమావేశంలో ట్రాన్సెస్టర్ అనే ఇంగ్లీషు మాట విన్నాను. ట్రాన్స్ అంటే మాలాంటివాళ్లు, యాన్సెస్టర్ అంటే పూర్వీకులు; ఆ రెండు మాటలు అతికితే వచ్చింది. పూర్వీకుల్లో తమలాంటివాళ్ల జాడ ఎక్కడా మిగలకపోతే, దూరదేశాల్లో మాలాంటివాళ్లే ఆ మాట పుట్టించుకున్నారట. మొదట ఎవరన్నారో అక్కడ ఎవరికీ తెలియదు.

ఇంటికొచ్చి చెబితే అవ్వ పలికి చూసింది.

"నోరు తిరగల్లేదే. మనకేమిట్కి లేదు అట్లాంటి మాట?"

"నువ్వే పెట్టవ్వా."

"తిరునంగై, అవ్వ. నంగవ్వ అందాం. తూత్తుకుడిలో నన్ను సాకినామె నంగవ్వ. ఆమెకు ముందుండినోళ్లూ నంగవ్వలే. నేను సచ్చినాక నేనూ."

నేను చేరేసరికి ఆమె తమ్ముడి కొడుకులు వచ్చేశారు. బతికుండగా ఒక్క పెళ్లికీ పిలవనివాళ్లు, జబ్బుపడితే తొంగిచూడనివాళ్లు. చీర విప్పి పంచె కట్టారు, చొక్కా తొడిగారు. వాకిట్లో ఫ్లెక్సీ మీద ఆమె ఎప్పుడో వదిలేసిన మగపేరు వేయించారు. నా ఒళ్లు మండిపోయింది.

"చీర కట్టండి. మా నంగవ్వను ఇట్ల పంపకూడదు" అన్నాను.

పెద్దవాడు నా వైపు చూడకుండానే, "మా పెద్దనాయనకు మేం జేస్తాం. నువ్వెవరు? నంగవ్వంటే ఏంది? అట్లాంటి మాటే లేదు" అన్నాడు.

"ఉండాది. ఆమె పెట్టిందే."

వీధంతా వింటూ నిలబడింది. పిల్లలకు దిష్టి తియ్యమని ఆమె దగ్గరికి పరుగెత్తుకొచ్చే తల్లులు కూడా నోరెత్తలేదు. పాడె లేచింది. వెంట నడిచిన నన్నూ, ఆమె సాకిన మిగతా తిరునంగైలనూ శ్మశానం గేటు దగ్గరే ఆపేశారు.

ఇది కోపంతోనే రాస్తున్నాను. ఆ కోపం తగ్గాలని కూడా నాకు లేదు. జీవితమంతా ఆడదానిగా బతికిన మనిషిని తుడిచెయ్యడానికి వాళ్లకు ఒక్క పూట చాలింది. ఆ దూరదేశపువాళ్లకు అలాంటి మాట ఎందుకు కావలసివచ్చిందో నాకు ఆ గేటు దగ్గర అర్థమైంది.

ఇంటికి తిరిగొచ్చాక పెరట్లోకి వెళ్లాను. శవానికి నీళ్లుపోసిన బండ పక్కన, కత్తిరించి పడేసిన ఆమె నెరిసిన జడ ఉంది. దానికి చుట్టిన కనకాంబరాలు ఇంకా వాడలేదు.