తెర పక్కన కుర్చీ

రహిమున్నీసా గుంటూరులో ఇంటర్ పిల్లలకు బోటనీ చెప్పేది. అది పెద్ద ప్రైవేటు కాలేజీ. చుట్టుపక్కల ఊళ్లలో దానికి బ్రాంచీలు లేస్తున్న రోజులవి. ఆమె మిరపపువ్వు తెచ్చి, బ్లేడుతో నిలువునా కోసి, బెంచీ బెంచీకీ తిప్పేది. చెబుతున్నంతసేపూ పిల్లల ముఖాలు చూసేది. ఎవరి కనుబొమలు ముడిపడినా అక్కడితో ఆపి, ఇంకో దారిలో మళ్లీ మొదలుపెట్టేది.

2005 వేసవిలో యాజమాన్యం కెమెరా తెప్పించి ఆమె క్లాసులన్నీ రికార్డు చేయించింది. మంచి లెక్చరర్లు దొరకని బ్రాంచీలకు డిస్కులు పంపుతామన్నారు. తన పాఠం ఎక్కడెక్కడి పిల్లలకో అందుతుందంటే ఆమెకు సంబరంగానే అనిపించింది. కోడలు టీవీలో కనిపిస్తుందని అత్త మస్తాన్‌బీ వీధంతా చెప్పుకొచ్చింది.

మరుసటి ఏడు గుంటూరులోనే సగం సెక్షన్లకు డిస్కులు వేయడం మొదలైంది. ఇద్దరు బోటనీ లెక్చరర్లు అక్కర్లేదని లెక్క తేల్చి, రహిమున్నీసాను ఏడాదికని పొదిలి బ్రాంచికి వేశారు. అక్కడే ఆడపిల్లల హాస్టల్లో ఉండాలి. మానేద్దామనుకుంది. కానీ ఉద్యోగంలో చేరినప్పుడే అందరి దగ్గరలాగే ఆమె దగ్గరా మధ్యలో మానేయనని బాండు రాయించుకుని, ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని హెడ్డాఫీసు బీరువాలో పెట్టుకున్నారు. అవి చేతిలో లేకుండా ఇంకో కాలేజీ గడప తొక్కడానికి లేదు. కూతురు నజ్మీన్ కూడా ఆ యాజమాన్యం స్కూల్లోనే ఫీజు లేకుండా చదువుతోంది.

భర్త హయాత్ మిర్చి యార్డులో గుమాస్తా. రాత్రి అన్నం ముందు కూర్చుని చాలాసేపు మెతుకులు కెలికాడు.

"ఒక్క ఏడాదే గదా. పాపను అమ్మ చూసుకుంటుంది. వెళ్లిరా," అన్నాడు.

పొదిలిలో క్లాసు గది కిటికీలకు నల్లకాగితం అంటించి ఉంది. తెర బాగా కనిపించాలని అలా చేశారు. గాలి ఆడదు. ఎత్తుగా టీవీ, దాని పక్కన ఆమెకో కుర్చీ. డిస్కు పెట్టడం, పిల్లలు మాట్లాడకుండా చూడడం, శనివారం పరీక్ష పేపర్లు దిద్దడం ఆమె పని. తెరమీద ఆకుపచ్చ చీరలో తానే పాఠం చెబుతుంటే, కింద తాను నోరు మూసుకుని కూర్చునేది. మొదట్లో పిల్లలు తెరనూ ఆమెనూ మార్చి మార్చి చూసి నవ్వుకున్నారు. వారం తిరిగేసరికి ఆమెవైపు చూడడం మానేశారు.

వాళ్లలో ఎక్కువమంది పల్లె బళ్లలో తెలుగు మీడియం చదివి వచ్చినవాళ్లు. తెరమీది రహిమున్నీసా గడగడా ఇంగ్లీషులో చెప్పుకుపోయేది. రికార్డు చేసిన రోజు ఆమె ఎదుట గుంటూరు పిల్లలున్నారు, వాళ్లు తలూపారు, ఆమె ముందుకు వెళ్లింది. ఇక్కడ ఎవరూ తలూపలేదు. అయినా పాఠం వెళ్లిపోతూనే ఉంది.

ఒకరోజు సంకరణం పాఠం నడుస్తోంది. పువ్వులో కేసరాలు తీసేయడాన్ని ఇంగ్లీషులో ఏమంటారో తెరమీద చెబుతుండగా, కొనకనమిట్ల దగ్గర్నుంచి వచ్చిన శ్రీరమ్య లేచి నిలబడింది.

"మేడం, అది మా పత్తి క్రాసింగేనా? సాయంత్రం మొగ్గ ఒలిచి, పొద్దున్నే మగపువ్వు తెచ్చి రాస్తామే, అదేనా?"

రహిమున్నీసా డిస్కు ఆపేసింది. అవునమ్మా, అదే, అంది. మొగ్గ ఎందుకు ఒలుస్తారో, ఒలవకపోతే ఏమవుతుందో తెలుగులో చెప్పింది. విత్తనపత్తి చేలల్లో పనిచేసిన పిల్లలు ఇంకో నలుగురు తేలారు. ప్రశ్నమీద ప్రశ్న వేశారు. బెల్లు కొట్టినా ఎవరూ లేవలేదు. నల్లబోర్డు నిండా బొమ్మలు వేసి, సుద్దపొడి రాలుతున్న చేతులతో ఆమె బయటికొచ్చింది. ఆ పూట అన్నం కూడా రుచిగా తిన్నది.

మర్నాడు ప్రిన్సిపాల్ వీరాంజనేయులు పిలిపించాడు. మనిషి చెడ్డవాడు కాదు. అన్ని బ్రాంచీలకూ శనివారం ఒకటే పేపరనీ, పాఠం ఎంతవరకు వచ్చిందో రోజూ హెడ్డాఫీసుకు ఫోన్లో చెప్పాలనీ, నిన్నటి పాఠం సగంలో ఆగిందని తనకు చీవాట్లు పడ్డాయనీ చెప్పాడు.

"పిల్లలకు అర్థం కావట్లేదండీ," అంది.

"నాకు తెలుసు మేడం గారూ. కానీ ఇకనుంచి రిమోటు నా రూములో ఉంటుంది. అటెండరు వచ్చి వేసి వెళ్తాడు."

ఆ తర్వాత శ్రీరమ్య రెండుమూడుసార్లు చెయ్యెత్తింది. సాయంత్రం హాస్టల్లో చెబుతానని రహిమున్నీసా సైగ చేసేది. సాయంత్రాలన్నీ స్టడీ అవర్లే. అక్కడ మాట్లాడకూడదు. కొన్నాళ్లకు ఆ పిల్ల చెయ్యెత్తడం మానేసింది.

ఏడాది చివర రహిమున్నీసా సర్టిఫికెట్లు అడిగింది. కొత్తవాళ్లు దొరకలేదు, ఇంకో ఏడాది చూడమన్నారు. ఆ ఏడూ గడిచాక గుంటూరు నుంచి కబురొచ్చింది: సిలబస్ మారింది, మళ్లీ రికార్డు చేయాలి. ఈసారి తెలుగులో కూడా చెబుతానని బతిమాలి ఒప్పించుకోవచ్చన్న ఆశతో బస్సెక్కింది.

రికార్డింగు గదిలో పిల్లలెవరూ లేరు. కెమెరా వెనక ఒకతను, రెండు పెద్ద లైట్లు, అంతే. తెలుగు సంగతి ఎత్తితే, టైము సరిపోదండీ అన్నాడతను. ఎవరివైపు చూసి చెప్పాలో తెలియక ఆమె రెండుసార్లు తడబడింది. కొంచెం నవ్వుతూ చెప్పండి మేడం అన్నాడు. నవ్వింది. సాయంత్రానికి అలవాటు పడిపోయింది. ఎక్కడా ఆగకుండా చెప్పేస్తున్నానని గమనించి ఆమెకే భయం వేసింది.

పోతూ పోతూ ఆఫీసులో సంతకం పెట్టమన్నారు. రికార్డింగు కాగితమే కదా అనుకుని పెట్టింది. పొదిలి వెళ్లాక సర్టిఫికెట్ల కోసం ఫోను చేస్తే, ఆ సంతకంతో బాండు ఇంకో మూడేళ్లు పెరిగిందన్నారు.

హయాత్‌కు ఫోనులో చెప్పింది.

"చదివి పెట్టాల్సింది," అన్నాడు.

"చదవనిచ్చారా? కింద బస్సుకు టైమవుతోందని వాళ్లే తొందరపెట్టారు."

"సరేలే. ఆదివారం పాపను తీసుకొస్తా."

ఫోను పెట్టేసి ముఖం కడుక్కుంది. హాస్టల్ పిల్లలు టిఫిను ముగించి పుస్తకాలతో బయలుదేరుతున్నారు. వాళ్ల వెనకే నడిచి, గదిలోకి వెళ్లి, తలుపు వేసి కూర్చుంది. అటెండరు కొత్త డిస్కు పెట్టాడు.