డైనోసార్ గేముకు శాలువా

ఈ రోజు సాయంత్రం తాండూరులో ఒక సన్మాన సభకు వక్తగా వెళ్ళాను. రిటైర్డ్ తెలుగు లెక్చరర్ నరహరి తన కొడుకు సుధీర్ కోసం పెట్టించిన సభ అది. సుధీర్ నాలుగేళ్ళు కష్టపడి ఒక వీడియో గేమ్ తయారుచేశాడు. అడవిలో డైనోసార్ల నుంచి ప్రాణాలు దక్కించుకోవాలి, ఆడేవాళ్ళు భయంతో వణకాలి. మన దగ్గర హాలూ శాలువా ముందే మాట్లాడుకుంటాం, ఘనకార్యం తర్వాత వస్తుంది. గేమ్ మొన్న విడుదలైంది. డైనోసార్లు గోడల్లో ఇరుక్కుంటున్నాయని, భయానికి బదులు నవ్వొస్తోందని విమర్శకులు ఉతికి ఆరేశారు. సభ ఆపితే పరువు పోతుందని నరహరి ఆపలేదు. అరగంట సేపు గేమును ఆకాశానికెత్తాడు.

పదిహేనేళ్ళ క్రితం వికారాబాద్‌లో, అట్ట వెనక నాలుగు వాక్యాలు మాత్రమే చూసి, ఆవిష్కరణ సభలో నా నవలను చీల్చి చెండాడినవాడు ఈ నరహరే. అందుకే మైకు చేతికి రాగానే ఆ సమీక్షలన్నీ ఫోనులోంచి నిదానంగా చదివి వినిపించాను. సుధీర్ తల దించుకున్నాడు.

"నువ్వు ఆడి చూసినవా అన్నా? ఆడకుండనే గిట్ల మాట్లాడుడేంది?" అన్నాడు నరహరి.

"ఆడలే తమ్మీ. నువ్వు నా నవల సదివినవా?"

సుధీర్ మెల్లగా తలెత్తి తండ్రివైపు చూసి, "నువ్వు గూడ ఆడలే గదా నాయినా," అన్నాడు.

తిట్టిన విమర్శకులు కనీసం చివరిదాకా ఆడారు. తండ్రి మీద మీకెవరికైనా జాలి కలిగితే కింద రాయండి. నాకైతే కలగలేదు.