గీత మీద పచ్చ చుక్క

టక్. టక్. కాసేపు నిశ్శబ్దం. మళ్లీ టక్. వెనక గదిలోంచి ఆ మౌస్ చప్పుడు వినిపిస్తోందంటే, మచ్చలక్క ఇంకా ఇంటికి వెళ్లలేదని ఫొటో స్టూడియోలో అందరికీ తెలుసు.

గదిలో లైటు వేస్తే తెర మీద రంగులు తప్పుతాయని ఆమె చీకట్లోనే కూర్చుంటుంది. మచ్చలు తుడవమని ఆమె దగ్గరికి వచ్చే ఫొటోలన్నీ సూర్యాస్తమయాలే. పొద్దుకు ఎదురుగా కెమెరా పెడితే వెలుగు అద్దంలో చెదిరి, ఫొటో మీద పచ్చ చుక్కలూ ఊదా వలయాలూ రాలుతాయి. లెన్స్ ఫ్లేర్ అంటారు. సూర్యుడి నుంచి ఫొటో నడిమధ్య మీదుగా ఒక గీత ఊహించుకుంటే మచ్చలన్నీ దాని మీదే దొరుకుతాయి. మచ్చలక్క ఇప్పుడు ఊహించుకోను కూడా ఊహించుకోదు. చెయ్యి తనంతట తానే ఆ దారి వెంట నడిచి, పక్కనున్న ఆకాశాన్ని చిటికెడు తెచ్చి మచ్చ మీద కప్పేస్తుంది. తన ఇంటి కిటికీలో పొద్దు ఎలా కుంకుతుందో ఆమె చూసి చాలా కాలమైంది.

“ఇంకా పొద్దు కుంకలేదా అక్కా?” స్టూడియో నడిపే తమ్ముడు తలుపు తోశాడు.

“నువ్వు తెచ్చి పడేస్తుంటే ఎక్కడ కుంకుతుందిరా! కళ్లు పీకేస్తున్నాయి.”

“నిన్నటి చెరువు ఫొటో అమ్మాయి వచ్చింది. నువ్వే మాట్లాడు.” వాడు లైటు వేసి తప్పుకున్నాడు.

అమ్మాయి ఫొటోను బల్ల మీద పెట్టింది. నారింజ రంగు నీళ్లు, అవతల నల్లటి గట్టు. వెతికినా మచ్చ లేదు.

“బాగా చేశారాంటీ. కానీ ఇక్కడ మా నాన్న ఉండాలి.”

“మనిషెవరూ లేరు కదమ్మా!”

“మనిషి కనపడడు. గట్టు మీంచి నాకు టార్చి ఊపాడు. చిన్న చుక్క. ఆయనతో అదే ఆఖరి సాయంత్రం.”

మచ్చలక్క ఫొటోను దగ్గరికి లాక్కుంది. ఆ టార్చి సరిగ్గా గీత మీదే వెలిగి ఉంటుంది; మచ్చ అనుకుని తన చెయ్యే కప్పేసి ఉంటుంది.

“ఒరేయ్, అసలు ఫొటో ఉందా?”

“డిస్కు నిండిందని పొద్దున్నే చెరిపేశానక్కా,” అన్నాడు తమ్ముడు గుమ్మంలోంచి.

“నీ ఫోన్లో?”

“అది నీళ్లలో పడిందాంటీ. మీరే ఓ చుక్క పెట్టేయండి.”

ఇన్నేళ్లుగా తీయడమే అలవాటైన చెయ్యి పెట్టాలంటే తెర మీద దారి వెతుక్కుంది. గట్టు మీద ఒక లేత వెలుగు పెట్టింది.

“ఇంకాస్త ఎడమకి. కొంచెం కిందకి. మా నాన్న పొట్టి.” అమ్మాయి నవ్వబోయి ఆగిపోయింది. “ఆఁ. అక్కడ.”

“అక్కడే అని నేను ఒట్టేసి చెప్పలేనమ్మా.”

“నేనూ చెప్పలేనాంటీ.”

కొత్త ఫొటో తీసుకుని వెళుతూ, గది మునుపటిలా ఉంచాలనుకుందో ఏమో, ఆ అమ్మాయి స్విచ్చి మీద చెయ్యి వేసింది. మచ్చలక్క కళ్లు మూసుకుని కుర్చీలో వెనక్కి వాలింది.

“ఉండనీ తల్లీ, ఆర్పకు. ఈ పూటకి ఇంక చీకట్లో కూర్చోలేను.”