నీళ్లు తాగే చెక్క

వడ్ల గోవిందప్ప సంగతి చెప్పమంటే నాకు యాడ మొదలుపెట్టాల్నో తెలీక ఎప్పుడూ నడిమధ్యలో మొదలుపెడతా. ఈసారన్నా వరసగా చెప్తా. దోవలో పక్కకి మళ్లితే మీరే సర్దుకోండి, ముప్పై ఏండ్లు పిల్లోళ్ల ముందర వాగిన నోరిది.

బత్తలపల్లె దాటినాక మా కట్టకిందపల్లె. చెరువుకట్టకి దిగువన ఉండాది కాబట్టి ఆ పేరు. నేను ఆడ బడికి అయ్యవారుగా పోయింది పంతొమ్మిదివందల యాభైల్లో. గోవిందప్ప అప్పటికే ఊరికంతా వడ్లపని, అంటే చెక్కపని, చేస్తాండె. మడకలు, బండ్లు, గుంటకలు, పెండ్లిపీటలు, అన్నీ ఆయప్ప చేతి మిందుగానే. పొట్టి మనిషి, చెవి సందులో ఎప్పుడూ ఒక బొగ్గుముక్క. నేను బడి పెన్సిలు ఇస్తే, ఇది చెక్క మింద జారుతాదయ్యవారూ అని వెనక్కిచ్చినాడు.

చెరువుకి ఆ పక్క ఒడ్డున అవతలిపల్లె. గోవిందప్ప అక్క బయమ్మను ఆ ఊరికిచ్చినారు. మా చెరువు ఎట్లాంటిదంటే, నిండినప్పుడు చూసేదానికి కండ్లు చాలవు, ఎండినప్పుడు గొర్రెలు మేస్తాయి. ఎండేదే ఎక్కువ. అడుగున నడిచి పోతే నోట్లో ఆకువక్క ఉమ్మేలోగా అవతలిపల్లె వస్తాది. బయమ్మ సంతనాడు అట్లనే వస్తాండె. వచ్చేటప్పుడు కొంగులో మిరపకాయలు, పోయేటప్పుడు కొంగులో బెల్లం.

నిండితే మాత్రం దోవ తెగిపోతాది. ఎక్కువైన నీళ్లు మరవ మింద పొర్లి పారతాయి, వంకలు పొంగుతాయి, బండి కట్టుకొని బత్తలపల్లె చుట్టుకొని రావాల్సిందే. అట్ల నిండిన ఒక ఏడు, నేను ఆ ఊరికి రాకముందు, వీళ్లమ్మ పోయింది. మాపటేల తప్పెట్లు కొడతాంటే నీళ్ల మింద మోత అవతలిపల్లె దాకా పోయింది. బయమ్మ ఒడ్డున నిలబడి ఎవురో పాపం అనుకునిందంట. కబురు చుట్టు దోవన వచ్చేసరికి మన్ను వేసి అందరూ స్నానాలు కూడా చేసేసినారు. అమ్మ నోట్లో నాలుగు బియ్యపుగింజలు వేసే భాగ్యం ఆ బిడ్డకి లేకపోయె.

అప్పట్నుంచి, ఊరంతా చెరువు నిండాలని మొక్కుతాంటే ఈ అక్కకీ తమ్మునికీ ఆ మొక్కు సగం గొంతుతోనే వచ్చేది. ఒక సంతనాడు బయమ్మ నా ముందరే అనింది.

"చెరువు నిండినప్పుడు, ఎవురూ సావకుండా, ఏ పనీ లేకుండా, ఊరికే ఒకసారి అమ్మింటికి రావాలప్పా."

గోవిందప్ప మరుసటి దినం నుంచి పడవకని మాన్లు చూసేదానికి మొదలుపెట్టినాడు.

పడవ అనేది మావోళ్లు ఎవురూ చూసింది లేదు. గోవిందప్ప చూసినాడు. హోసపేట కాడ పెద్ద ఆనకట్ట కట్టేటప్పుడు కూలికి పోయి, ఆడ రాళ్లు మోసే పడవలకి మాట్లు వేసే గుంపులో కొన్నాళ్లు పని చేసినాడు. ఆకారం తెలుసు, మేకు యాడ కొట్టాల్నో తెలుసు. కానీ ఆడి పడవలన్నీ టేకుతో చేసినవి. మా సీమలో టేకు యాడ తెస్తాడు? ఉండేవి తుమ్మ, చింత, వేప, కానుగ, ఏపి. ఏపి అంటే తెలీనోళ్లకి చెప్తా, నల్లగా ఇనుమట్ల ఉంటాది, గొడ్డలి తగిలితే గొడ్డలే ఏడుస్తాది. మా కాడ మంచి చెక్క అంటే బరువైన చెక్కే. ఎత్తి చూసి మూలిగితే అది మంచిదని లెక్క.

గోవిందప్ప అన్నిట్లో ఒక్కో ముక్క కోసి ఎద్దులు నీళ్లు తాగే రాతితొట్లో వేసినాడు. ఏపి రాయి మాదిరి అడుక్కి పోయింది. తుమ్మ మునగాల్నా తేలాల్నా అని నడుమ నిలబడింది. కానుగ తేలింది గానీ కొన్నాళ్లకి మెత్తబడిపోయె. వేప తలకాయ పైకి పెట్టి తేలింది. అంతటితో ఆగినాడా అంటే లేదు. ముక్కలన్నీ తీసి ఎండబెట్టడం, మళ్లా నానబెట్టడం, బొగ్గుతో గీత గీసి దారంతో కొలవడం. ఎద్దులు తొట్టికాడికి వచ్చి మూతి పెట్టి, చేదుకి తల ఇదిలిచ్చి పోతాండె. ఆయప్ప పెండ్లాము రామలక్ష్మమ్మ నీళ్లు మోసేది, మోస్తా తిట్టేది. మనుషులకి కషాయం తాగిస్తారు గానీ గొడ్లకి వేపకషాయం తాగించే మగోన్ని ఈ ఊర్లోనే చూస్తాండానని.

ఎందుకప్పా ఇన్ని సార్లు తడిపేది అని అడిగితే ఆయప్ప నాకు బండిచక్రం కథ చెప్పినాడు. ఎండకాలంలో చక్రం చెక్కలు కుంచించుకొని చుట్టూ ఉండే ఇనపపట్టా వదులైతాది కదా, అప్పుడు దాన్ని వంకలో ఒక మడుగులో పండబెడతారు. చెక్క నీళ్లు తాగి ఉబ్బి మళ్లా పట్టాను కరుచుకుంటాది. మన చెరువులో పడవ నీళ్లలో కంటే ఎండలో ఉండేదే ఎక్కువ అయ్యవారూ, సందులు విడిపోతాయి, నీళ్లొచ్చిన నాడు తాగి మూసుకునే చెక్క కావాల నాకు, అన్నాడు. చింత రెండోసారి ఎండబెట్టినప్పుడే పగిలింది. వేప ఎన్నిసార్లు తడిపినా గీత కాడికొచ్చి నిలబడింది. పలకలకి వేప ఖాయమైంది.

పలకల్ని లోపల పట్టి ఉంచే పక్కటెముకలకి వంకర కావాల. తిన్నని మాను కోసి వంచితే బలముండదు, పుట్టుకతోనే వంగిన కొమ్మ కావాల. దానికి కట్ట మింది తుమ్మచెట్లు చూడను బయల్దేరినాడు. చేతిలో కొలతకి వంచిన ఇనపతీగ, తలకాయ పైకి. కంపలో పడేది, లేచేది. మా సీమలో వంకర చెట్లకేం కరువు? వంట చెరుక్కి తప్ప దేనికీ పనికి రావని వదిలేసిన మాన్ల కింద ఆయప్ప పెండ్లిచూపులకి వచ్చినోని మాదిరి నిలబడేవాడు. నచ్చిన కొమ్మకి పసుపు రాసి, దండం పెట్టి, గువ్వలకి లేచిపొమ్మని చెప్పి, అప్పుడు గొడ్డలి ఎత్తేవాడు.

పని చాన్నాళ్లు పట్టింది. అడుగున ఒకే ఒక పలక తక్కువైంది. వేప అయిపోయె. ఇంటికి గడప చేసుకోవాలని ఎప్పట్నుంచో దాచిన ఏపిపలక ఒకటి ఉన్నింది. తీసి అదే కొట్టినాడు, సరిగ్గా అక్క కాలు పెట్టే చోట. అక్కకి నీళ్లంటే భయం, కాలి కింద గట్టిది తగలాల, అనుకున్నాడు. గడప చెక్క పోయిందని రామలక్ష్మమ్మ రెండు దినాలు మాట్లాడలేదు. సందుల్లో పత్తి కూరి, గుగ్గిలం ఆముదంలో కాంచి పూసి, పడవను ఎద్దులతో ఈడ్చి కట్ట లోపలి పక్క పెట్టి, మోకుతో కట్టరాయికి కట్టేసినాడు.

ఇంగ వాన రాలేదు.

ఒక ఏడు కాదు, రెండేండ్లు కాదు. పడవలో కోళ్లు పొదిగె. ఒక మేక ఈనింది. సంతనాడు బయమ్మ వచ్చి కట్ట ఎక్కే ముందర దాంట్లోనే కూసునేది. గోవిందప్ప సంగటిముద్ద తెచ్చేవాడు. ఇద్దరూ ఎండిన చెరువులో పడవలో కూసోని, ఊరగాయ నంజుకొని తింటాండ్రి. కట్ట మింది నుంచి పోయేటప్పుడు నేను చూస్తాంటి. ఎదురుబొదురు కూడా కాదు, ఇద్దరూ అవతలి ఒడ్డు పక్కకే తిరిగి, నిజంగా పోతాండే మాదిరి కూసునేవాళ్లు. ఎండకి పలకలు విడిపోయి సందుల్లో నుంచి వెలుగు వచ్చేది, వేలు పెట్టచ్చు. బయమ్మ ఆ సందులు తడిమి, దీనికీ దప్పికైతాండాదప్పా అనేది. ఊర్లో తాగేదానికే నీళ్లు లేవు, దానికెవురు పోస్తారు?

వచ్చింది వాన, అరవైల్లోకి వచ్చినాక. రేయింబగలూ కురిసి చెరువు నిండింది. ఊరు ఊరంతా కట్ట మింద. నీళ్లు పడవను తాకినాయి, సందుల్లోంచి లోపలికి దూరినాయి. చూస్తాండగానే పడవ మెల్లగా మునిగిపోయె. మోకు ఒకటే నీళ్లలోకి వంగి ఉన్నింది.

చెరువు తూము చూసుకునే నీరుగంటి తిమ్మప్పకి మాట తీట. "గోవిందప్పా, నీ ఎద్దు నీళ్లు తాగను దిగింది గానీ గట్టుకి రాదేమప్పా?"

"తాగనీ అన్నా. ఎన్నేండ్ల దప్పికో."

అందరూ నవ్వినారు. గోవిందప్ప నవ్వలేదు, కోపం తెచ్చుకోలేదు. దినామూ పొద్దుగూకే ముందర కట్ట మిందికొచ్చి మోకు పట్టుకొని కూసునేవాడు. అదే పొద్దుకి అవతల ఒడ్డున ఒక ఎర్రచుక్క కనపడేది. బయమ్మ చీర. పడవ ముందర మునుగుతాది, భయపడాకు, తర్వాత వస్తాదని ముందే చెప్పి పెట్టినాడంట. ఆ చుక్క పొద్దుగూకి కనపడకుండా పోయేదాకా కదిలేది కాదు. ఈయప్పా కదిలేవాడు కాదు. నడుమ అన్ని నీళ్లు. పిలిస్తే పలికేంత దూరం కాదు, మర్చిపోయేంత దూరమూ కాదు. నాకు ఆ పొద్దులు ఇప్పటికీ గుర్తొస్తాయి.

వారం దాటినాక మోకు ఈడ్చినాం, తిమ్మప్పతో సహా. లోతు తక్కువ కాడికి తెచ్చి నీళ్లు తోడినాం. పడవ లేచింది. వేపపలకలన్నీ ఒకదాన్నొకటి కరుచుకొని ఉన్నాయి, సందనేదే లేదు. గోవిందప్ప వాటిని చేత్తో నిమిరి చూసినాడు. అంతలో అడుగున ఒక చోట నీళ్లు ఊరడం మొదలైంది. ఏపిపలకకి రెండు పక్కలా. అది నీళ్లు తాగలేదు, ఉబ్బలేదు, మూసుకోలేదు.

ఆయప్ప దాన్ని వేలితో తట్టి చూసినాడు. "అన్నిటికంటే మంచిదని వేస్తినే," అన్నాడు.

గుడ్డపేలికలు కూరినాడు. ఆగలేదు. పలక మార్చాలంటే పడవ మళ్లా గట్టు ఎక్కాల, మళ్లా ఎండాల. అవతల ఎర్రచుక్క నిలబడుకొనే ఉన్నింది.

పోదాం, తోడేటోడుంటే చాలు అన్నాడు తిమ్మప్ప, నవ్వింది ఎవురోననేట్ల. పడవను తోసే గెడ తిమ్మప్పే పట్టినాడు, గోవిందప్ప ముందర కూసున్నాడు, తోడేదానికి నన్ను ఎక్కించినారు. నాకు ఈత రాదని చెప్తాంటే ఎవురూ వినలేదు. పోయినంతసేపూ నేను చెంబుతో తోడతానే ఉన్న్యా, ఒడ్డు ఎట్లుండాదో కూడా చూడలేదు.

బయమ్మ మోకాటి లోతు నీళ్లలోకి వచ్చి నిలబడి ఉన్నింది. భయమనేది ఎవురికో. ఎక్కినాక గోవిందప్ప తల దించుకొని, "అక్కా, ఈ పక్క కూసో. ఆడ ఊరుతాండాది. అది నీకోసరమని వేసిన ఏపిపలక. అదే తప్పైపోయింది," అన్నాడు.

ఆయమ్మ చూసింది. చూసి సరిగ్గా ఆడనే కూసోని, రెండు కాళ్లూ ఆ నీళ్లలో పెట్టింది.

"పుట్టినప్పట్నుంచి నీళ్ల కాడికి నేనే పోతినప్పా. అవి నా కాడికి రావడం ఇదే. ఉండనీ."

నా చేతిలో చెంబు తీసుకొని తనే తోడింది. నడిమధ్యకి వచ్చినాక మా ఊరి చప్పుళ్లు నీళ్ల మింద వినపడినాయి. రోట్లో దంచేది, ఎవురో దూడని పిలిచేది. బయమ్మ చెంబు ఆపింది.

"అన్నీ వినపడతాయి," అనింది. "తప్పెట్లు మోగిన ఆ పొద్దు కూడా అన్నీ వినపడె."

గోవిందప్ప గెడ తీసుకొని తిమ్మప్ప కంటే గట్టిగా పొడిచినాడు.

ఇంటికాడ రామలక్ష్మమ్మ నిలబడి, నవ్వు ఆపుకొని, ఏం పని మింద వచ్చినావు వదినా అని అడిగింది.

"ఊరికే," అనింది బయమ్మ.

నాలుగు దినాలుండి పోతాననింది. నాలుగు దినాలకి పడవ బాగా ఊరుతాండాది ఇప్పుడొద్దు అనింది. ఆ తర్వాత గాలి ఎక్కువుండాది అనింది. నీళ్లు తగ్గుతా వచ్చె, పడవ నేలకి ఆనడం మొదలైనాక, ఇంగ నడిచే పోవచ్చులే అనింది. కోడండ్లు కబురు మింద కబురు పంపిరి. ఎండకాలానికి చెరువు నెర్రెలిచ్చినాక ఒక పొద్దున కొంగులో బెల్లం కట్టుకొని, పొడినేల మింద నడుచుకుంటా పోయింది. గోవిందప్ప పడవలో నిలబడి చూసినాడు, ఎర్రచుక్క అయ్యేదాకా, చుక్క కూడా కానరాకుండా పోయేదాకా.

సాయంత్రం పోయి చూస్తే ఆయప్ప ఉలి తీసుకొని ఏపిపలకను విప్పుతాండాడు. దాని చోటికి వేప యాడ దొరుకుతాదో అని, నా బడి ముందరి వేపచెట్టు వైపు ఒకసారి చూసి, మళ్లా తల దించుకున్నాడు.