పిడికెడు బియ్యంలో పురుగులు

నోటికి రుచి, ముక్కుకు వాసన ఇచ్చి, కుళ్ళినదేదో మంచిదేదో తెలుసుకునే బుద్ధినిచ్చిన దేవునికి స్తోత్రం. ఆకలి రోజుల్లో కూడా ఆ బుద్ధిని మా నుంచి తీసుకోని తండ్రికి మహిమ. ఆ బుద్ధితోనే నేను చేసిన పాపం ఒకటుంది. దాన్ని దాచకుండా రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది.

మా నాయన నంద్యాలలో బండల ఫ్యాక్టరీలో పాలిష్ మిషన్ మీద పనిచేసేవాడు. ఇళ్ళకు టైల్స్ వేయడం మొదలై నాపబండలు అడిగేవాళ్ళు తగ్గిపోయినారు. వానలు లేని ఏడు వచ్చి, కొత్త ఇళ్ళు కట్టడమే నిలిచిపోయింది. మిషన్లు ఒక్కొక్కటే ఆగినాయి. నాయన పొద్దున్నే పోయి ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడి, ఎండెక్కినాక ఊరికే తిరిగి వచ్చేవాడు. అప్పుడు నాకు పదకొండేళ్ళు.

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. అన్నం వండేటప్పుడు ప్రతి ఇంటి ఆడమనిషి ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి దేవుని డబ్బాలో వేస్తుంది. ఆదివారం ఆ డబ్బాలు మందిరానికి తెచ్చి గంపలో పోస్తారు. ఆరాధన అయినాక అదంతా సంచికెత్తి, ఇబ్బందిలో ఉన్న ఒక ఇంటికి ఇస్తారు. మిషన్లు ఆగినాక ఆ సంచి మా ఇంటికి వచ్చేది. వారమంతా మా నలుగురి కడుపులు నింపేది అదే.

ఆ బియ్యం ఒక్క రకం కాదు. సన్నవి, లావువి, నూకలు, స్టోరు బియ్యం అన్నీ కలిసి, ఒకటి ఉడికేలోపు ఇంకొకటి జావయ్యేది. అది సరే. ముక్కుపురుగులు, తెల్లపురుగులు, బూజు పట్టి ఉండకట్టిన గింజలు, ఎలుక పెంటికలు కూడా వచ్చేవి. ఇంట్లోకి మంచివి ఉంచుకుని, మూట అడుగున మిగిలింది దేవుని పేరు చెప్పి వదిలించుకునేవాళ్ళు. వాళ్ళే ముందు వరుసలో నిలబడి గొంతెత్తి పాడేవాళ్ళు. కుంటి గొర్రెను బలికి తేకూడదని ఆదివారం బడిలో మా చేత వల్లె వేయించిందీ వాళ్ళే.

చేటలో ఏరే పని నాది. ఏరినదంతా పక్కింటి కోళ్ళకు వేయమనేది అమ్మ. నేను వేయకుండా ఒక పాత పౌడర్ డబ్బాలో దాచినాను. ఎవరికో ఒకరికి చూపించాలని ఉండేది. అమ్మ మాత్రం ఆ సంచిలోంచే, నేను ఏరినాక, మళ్ళీ దేవునికి పిడికెడు తీసేది. అన్నీ నిండు గింజలే.

కొన్నాళ్ళకు నాయనకు ఆళ్లగడ్డలో పని దొరికింది. శిల్పులు చెక్కిన విగ్రహాలకు నునుపు పట్టే పని. అదీ వారానికి రెండు దినాలే. ఆ ఆదివారం సంఘ పెద్ద గంప మీద చెయ్యి పెట్టి, అందరి ముందరే నాయనను అడిగినాడు.

"యాడికి పోతాండావప్పా పనికి?"

"ఆళ్లగడ్డకన్నా. రాయి పాలిష్ చేస్తాండా."

"రాయంటే? బండనా, బొమ్మనా?"

"బొమ్మేన్నా. ముక్కూ మొగం వాళ్ళే చూసుకుంటారు. నేను వీపు రుద్దుతా."

వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. సంఘ పెద్ద నవ్వలేదు. "వాళ్ళ దేవుండ్లకు వీపు రుద్దే ఇంటికి మన దేవుని బియ్యమెందుకప్పా? వచ్చే వారం నుంచి సందు చివర అవ్వకిస్తాంలే."

నాయన తల వంచుకున్నాడు. నాకు ఆ నవ్వు తప్ప ఇంకేమీ వినిపించలేదు. అవ్వ సంగతి నా బుర్రకెక్కలేదు.

మరుసటి ఆదివారం మా డబ్బాలో అమ్మ తీసిపెట్టిన బియ్యం కుండలోకి వంపేసి, పౌడర్ డబ్బాలో ఉన్నదంతా ఆ దేవుని డబ్బాలో పోసుకుని పోయినాను. గంప ముందర కూర్చునేది సంఘ పెద్ద భార్య. ఆమె మూత తీసి చూస్తుంది, ఇదేందని అడుగుతుంది, మీ ఇండ్లలోవే అని అందరి ముందర చెప్పాలనుకున్నాను. మాటలు కూడా కూర్చుకుని పెట్టుకున్నాను. ఆమె చూడనే లేదు. పక్కామెతో మాట్లాడుతూనే డబ్బా గంపలో బోర్లించి, అడుగు తట్టి, నా చేతికిచ్చింది.

"మీ అమ్మకు మోకాళ్ళ నొప్పులు తగ్గినాయా?"

"తగ్గినాయి," అన్నాను. అంతే చెప్పినాను. ఆ సంచి అవ్వ ఇంటికి పోతుంటే కూడా నోరు తెరవలేదు.

అవ్వకు రెండు కళ్ళూ కనపడవు. మంగళవారం అమ్మ ఊరిబిండి పచ్చడి ఇచ్చి పంపితే పోయినాను. అవ్వ గడప దగ్గర కూర్చుని తింటోంది.

"ఎవురూ?"

"నేనవ్వా."

"రా, కూర్చో. ఎవురో మారాణి బియ్యంలో జీలకర్ర కలిపి ఇచ్చింది పాపా. పంటి కింద తగుల్తాండాది. పండ్లు యాడుండాయంటావేమో, చిగురుకే తగుల్తాండాది." నాలుక మీదున్నదాన్ని వేలితో తీసి నా వైపు చాపింది. "వాసనే లేదు. పాత జీలకర్రేమో."

అది జీలకర్ర కాదు. కాళ్ళున్నాయి దానికి. ఆమె పళ్ళెం నిండా అవే.

నేను గోడ పక్కకు పోయి కక్కుకున్నాను. అవ్వ గోడ తడుముకుంటూ వచ్చి, నా వీపు రుద్దింది. "ఏం తిన్యావే పాపా, పడలేదా?"

ఇంటికి పోయి అమ్మకు అంతా చెప్పినాను. అమ్మ కొట్టలేదు. "చేట తీస్కో, పోదాం పా," అనింది. అవ్వ సంచి అడుగు కనపడేదాకా ఇద్దరం ఏరినాము. ఎందుకని అవ్వ అడిగితే, "బియ్యం పాతవిలే అవ్వా," అనింది అమ్మ. అవ్వ పోయేదాకా వారం వారం ఆమె బియ్యం ఏరింది నేనే. ఆ జీలకర్ర ఎవరు వేసినారో ఆమెకు చెప్పే ధైర్యం మాత్రం రాలేదు.

ఇప్పుడు ఆ గంప ముందర కూర్చునేది నేను. ప్రతి డబ్బా మూత తీసి చూస్తాను. పురుగులు ఇంకా వస్తూనే ఉన్నాయి. తెచ్చినవాళ్ళ మీద అసహ్యం గొంతుదాకా వస్తుంది. వాళ్ళను ఏదో ఒకటి అనబోతే అవ్వ వేలు కళ్ళ ముందుకొస్తుంది. ఆ డబ్బా పక్కన పెట్టుకుని ఏరుతాను.

ఇది చదివినవాళ్ళు ఈ పూట ఎసట్లో బియ్యం పోసేముందు, చెయ్యి ఇంకా బియ్యంలో ఉండగానే, నాతో కలిసి ఇంత ప్రార్థన చేయండి: తండ్రీ, నీ పేరున మేము తీసే పిడికెడు ఎవరి పళ్ళెంలోకి పోతుందో మాకు చూపించు. చూసినాక నోరు తెరిచే ధైర్యమివ్వు. ఆమేన్.