బల్లకు ఇవతలి చేతులు

మొన్న మా మనవరాలు స్కూలు ప్రాజెక్టుకని రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి బ్రిటన్ మీద స్లైడ్లు చేసుకుంటుంటే, ఆ దేశంలో సగం వయసు గడిపిన మనిషిని, ఇప్పుడు అమెరికాలో, బాతెల్ ఊళ్లో ఈ ఇంట్లోనే ఉన్నాను కదా అని పక్కన చేరాను. "తాతా, ఆల్రెడీ డన్! ఫైవ్ పాయింట్స్ చాలు" అంది. నాలుగోది చదివాను. కంప్యూటర్లు వచ్చాయి, పత్రికలు ఆధునికమయ్యాయి. అంతే. నాకు చిర్రెత్తుకొచ్చింది.

ఇంగ్లండు నడిమధ్య ఒక ఊరి పత్రికలో నేను సబ్‌ఎడిటర్‌గా చేరేనాటికి అక్కడ చర్చిలు తివాచీల దుకాణాలవుతున్నాయి, వీధి చివరి కొట్లో కొత్తిమీర కనబడుతోంది, అయినా మనబోటి రంగువాళ్లకు గది అద్దెకిమ్మంటే ఇంటావిడలు ఇంకా నసుగుతూనే ఉన్నారు. మా కంపోజింగ్ గదిలో మాత్రం ఏ మార్పూ రాలేదు. పేజీ కట్టే బల్లకు అవతల అక్షరాలు పేర్చే కంపోజిటర్లు, ఇవతల మేము. తప్పు కనబడితే నోటితో చెప్పాలే గాని, మా వేలు సీసపు అక్షరాలకు తగలకూడదు. అది వాళ్ల యూనియన్ కట్టుబాటు. బెజవాడలో పని నేర్చుకున్న నాకు చేతులు నల్లబడితేనే పని చేసినట్టుండేది. చేరిన రెండో వారమే, శీర్షికలో తిరగబడిన అక్షరం కనబడగానే వేలితో పైకి లాగేశాను.

గది గదంతా ఆగిపోయింది. అక్షరాలను సమంగా దిగ్గొట్టే చెక్కసుత్తులు కింద పెట్టి అందరూ చేతులు కట్టుకున్నారు. పత్రిక ఆగితే నా ఉద్యోగం పోయినట్టే, ఉద్యోగం పోతే ఎంతో బతిమాలితే దొరికిన గదీ పోయినట్టే. అప్పుడు వాళ్ల మేస్త్రీ, నెరిసిన జుట్టు మనిషి, వచ్చి నల్లబడిన నా వేలు చూసి, తన గుడ్డపేలిక చేతికిచ్చి, కాలు జారి బల్ల మీద పడ్డాడర్రా అని తన వాళ్లతో చెప్పాడు. అది అబద్ధమని అందరికీ తెలుసు. అయినా సుత్తులు లేచాయి. అప్పటి నుంచి నేను బల్ల దగ్గరికి రాగానే "వేళ్లు జేబులో పెట్టుకో నాయనా, మళ్లీ కాలు జారుతుంది" అని పదిమందిలో ఎగతాళి చేసేవాడు. ఆ మాట లేని రోజు ఏదో వెలితిగా ఉండేది.

కొన్నేళ్లకు కంప్యూటర్లు రానే వచ్చాయి. మేం టైపు కొట్టిన అక్షరం నేరుగా పేజీలోకే వెళుతుంది, మధ్యలో కంపోజిటర్లు అక్కర్లేదన్నారు. కంపోజిటర్లంతా సమ్మె కట్టి గేటు ముందు నిలబడ్డారు. లోపలికొస్తే ఉద్యోగం, లేకుంటే లేదని యాజమాన్యం మాకు తేల్చిచెప్పింది. అప్పటికి మా అమ్మాయి చంటిపిల్ల. నేను లోపలికి వెళ్లాను. అందరూ తిట్టారు, మేస్త్రీ తిట్టలేదు. వానలో తడుస్తూ నా చేతుల వంక చూశాడు. అవి రెండూ కోటు జేబుల్లో ఉన్నాయి.

పత్రికలో కొత్త శకమంటూ ఆ వారం వార్త రాసింది నేనే. మా మనవరాలి నాలుగో పాయింటుకు, దానికి పెద్ద తేడా లేదు.

"రాంగ్ ఏముంది తాతా? కావాలంటే నువ్వే ఎడిట్ చెయ్" అని పిల్ల లాప్‌టాప్ నా ముందుకు తోసింది. చేతులు చాచాను. ఒకప్పుడు ఒక్క అక్షరం ముట్టుకున్నందుకు గది ఆగిపోయింది. ఇప్పుడు ఏ అక్షరాన్నయినా ఎవరైనా ముట్టుకోవచ్చు, వద్దనడానికి బల్లకు అవతల ఎవరూ లేరు. అయినా నా వేళ్లు కదల్లేదు.